లేని గదికి కొలత

దయ్యాలున్నాయని నాతో వాదనకు దిగి నెగ్గినవాళ్లు ఇంతవరకు లేరు, మా పెద్దాడపడుచుతో సహా. ఎవరైనా కథ మొదలుపెడితే ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, లైటు ఎటువైపు ఉంది అని అడిగేదాన్ని. మూడో ప్రశ్నకే కథ కుప్పకూలేది. ఇది రాసే ముందు అవే ప్రశ్నలు నన్ను నేనే వేసుకున్నాను. ఎన్నిసార్లు వేసుకున్నా కూలలేదు. అదే నా బాధ.

నేను సివిల్ ఇంజినీరింగ్ చదివాను. 2011 ఫిబ్రవరిలో అమెరికాలో, నోవై అనే ఊళ్లో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తున్నాను. పాత కట్టడాలను ఉన్నవి ఉన్నట్టు కొలిచి డ్రాయింగులు గీయడం మా పని. మా ఆయన పోయి అప్పటికి తొమ్మిది నెలలు. ఆయన ఉద్యోగపు వీసా హెచ్-1 మీద ఆధారపడ్డ హెచ్-4 వీసా నాది, ఆయనతో పాటే అదీ పోయింది. లాయరు ఏవో కాగితాలు కదిపి కొన్నాళ్లు నిలబెట్టాడు. ఈలోగా ఆ ఆఫీసులో పనిచేసే పద్మ తన బాసు డేవ్‌తో మాట్లాడి నాకు హెచ్-1 వేయించింది. పద్మ అసలు పేరు వేరు, మార్చాను. ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే పదకొండో క్లాసులో ఉన్న మా అమ్మాయిని చదువు మధ్యలో లేపుకుని వెళ్లిపోవాలి.

ఆ నెలల్లో నాకు ఏడుపు రాలేదు. ఆకలీ లేదు. మంచులో డ్రైవ్ చేసుకుని వెళ్లేదాన్ని, కొలిచేదాన్ని, ఇంటికొచ్చేదాన్ని. "ఎంత ధైర్యంగా ఉన్నారండీ" అనేవాళ్లు గుళ్లో కలిసినవాళ్లు. ధైర్యమూ కాదు, పాడూ కాదు. పంటికి ఇంజెక్షన్ ఇచ్చాక బుగ్గ ఎలా ఉంటుందో, ఒళ్లంతా అలా ఉండేది.

ఆ వారం మాకు అప్పగించింది ఒక చర్చి. మా ఆఫీసు నుంచి నలభై నిమిషాలు. ఇంగ్లండ్‌లో ఏదో పల్లెటూరిది, ఏడెనిమిది వందల ఏళ్ల నాటిది. కార్ల విడిభాగాల్లో బాగా గడించిన ఒకాయన, పడిపోతున్న దాన్ని కొని, రాళ్లకు నంబర్లు వేయించి, ఓడలో తెప్పించి, తన ఎస్టేట్‌లో మళ్లీ కట్టించుకున్నాడట. ఇప్పుడు పెళ్లిళ్లకు అద్దెకిస్తున్నారు. కొన్ని రాళ్ల మూలల్లో ఆ నంబర్లు ఇంకా కనిపిస్తాయి.

కట్టడం బాగుందని ఒప్పుకోవాలి. గుమ్మం పక్కన బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి, లోపల సీసపు రేకు. ఓక్ బెంచీల చివర్లకు చెక్కిన ఆకులు, చేతులు తగిలి తగిలి నున్నబడ్డాయి. మూడు తాళాల పెట్టె ఒకటి. ముగ్గురు పెద్దమనుషుల దగ్గర మూడు తాళంచెవులు, ముగ్గురూ వస్తే గానీ తెరుచుకోదు. ఒకరి మీద ఒకరికి ఎంత నమ్మకమో! గోడలో ఇరుకు మెట్లు, పైకి ఎక్కితే పదడుగుల ఎత్తున ఒక తలుపు. తెరిస్తే అడుగు పెట్టడానికి ఏమీ లేదు. ఒకప్పుడు అక్కడ చెక్క అటక ఉండేదట.

ఒక్కటే లేదు, బలిపీఠం ఉండే లోపలి గది. అది కొనేనాటికే కూలిపోయింది. ఇక్కడ హాలు చివర అడ్డంగా గోడ పెట్టి, దాని వెనక బాయిలర్ గది కట్టేశారు.

కుడి పక్క నడవ చివర, ఆ గోడలో ఏటవాలుగా ఒక కంత ఉంది. జానెడు వెడల్పు, మూరెడు ఎత్తు. నడవలో స్తంభాల చాటున నిలబడ్డవాళ్లకు బలిపీఠం కనిపించాలని పెట్టేవారట. శివాలయంలో నంది కొమ్ముల మధ్య నుంచి స్వామిని చూస్తామే, అలాంటి ఏర్పాటే. ఇక్కడ మాత్రం చూడ్డానికి అవతల గదే లేదు కాబట్టి కంతను చివర సిమెంటు ఇటుకతో మూసేశారు. కొత్త హీటింగ్ గొట్టం ఆ గోడలోంచి వెళ్లాలి. అందుకని దాని లోతు కావాలి.

ఉదయం పదకొండున్నర. బయట మంచు, ఆకాశం బూడిద రంగు. మా స్టాండ్ లైటు నా వెనక ఎడమవైపు ఉంది. లేజర్ మీటర్‌ను కంత అంచుకు ఆనించి బటన్ నొక్కాను. ఇరవై ఏడు అడుగుల నాలుగు అంగుళాలు.

మళ్లీ నొక్కాను. అదే. మూడోసారీ అదే. ఇరవై ఏడు అడుగులంటే గోడ, బాయిలర్ గది కూడా దాటి బయట మంచులో పడాలి.

"ఏమైందక్కా? కంతతోని ముచ్చట పెడుతున్నవా?" అంది పద్మ.

"నువ్వు నొక్కు ఒకసారి."

నొక్కింది. అంకె చూసింది. "థూ, ఈ చలికి దీనికి గూడ పిచ్చి లేసింది. ఆగు, బ్యాటరీలు మారుస్త" అని బ్యాగు దగ్గరికి వెళ్లింది.

పుస్తకంలో కొలత రాసి, వంగి కంతలోంచి చూశాను.

ఎండ. నున్నటి రాతి మెట్టు ఒకటి. దాని పైన ఒక బల్ల అంచు, అంచు మీంచి వేలాడుతున్న తెల్లగుడ్డ. గుడ్డ మీద మైనం చుక్కలు. మనిషెవరూ లేరు. గుడ్డ అంచు ఒక పక్కకు కొంచెం జరిగింది, అవతల నిలబడ్డవాళ్లెవరో ముడత సర్దినట్టు. అంతే.

నాకు భయం వేయలేదు. గుడ్డ అడుగు నుంచి మెట్టుకు ఎంత ఎడం ఉందో అంచనా వేస్తున్నాను, నమ్మండి. పద్మ వచ్చి భుజం తట్టింది. బ్యాటరీలు మార్చిన మీటరుతో తనే కొలిచింది. అడుగున్నర. నేను మళ్లీ వంగాను. సిమెంటు ఇటుక, దాని మీద సాలెగూడు.

మా పనిలో ఒక నియమం ఉంది. ఫీల్డ్ పుస్తకంలో రాసింది చెరపకూడదు. తప్పయితే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. నేను గీత కొట్టలేదు. తప్పు కాదు కదా, ఎందుకు కొట్టాలి?

సోమవారం డేవ్ ఆ పేజీ తెరిచి నన్ను పిలిచాడు. మంచివాడే, గొంతు పెంచలేదు. "ఇది మిస్‌రీడ్ చేశావా, లేక నిజంగానే ఇలా వచ్చిందంటావా? నిజంగా వచ్చిందంటే మిగతా నాలుగొందల కొలతల్ని నేను నమ్మలేను. అన్నీ మళ్లీ తీయించాలి. ఆ తర్వాత నిన్ను ఉంచుకోలేను" అన్నాడు. పద్మను అడిగాడు. తను లైటు సర్దుతున్నానని, అంకె చూడలేదని చెప్పింది.

హాస్పిటల్లో ఐదుగురు డాక్టర్లతో వాదించినదాన్ని. ఇన్సూరెన్సువాళ్లతో ఆరు వారాలు వాదించాను. ఆ రోజు పెన్ను తీసి, "మిస్‌రీడ్ చేశాను" అని గీత కొట్టి సంతకం పెట్టాను.

పార్కింగ్‌లో పద్మ వెనకే వచ్చింది. "అక్కా, నా గ్రీన్ కార్డు ఫైల్ నడుస్తుంది. మాయన జాబ్ గూడ పోయింది. తప్పు పట్టకు."

"పట్టను. కారెక్కు, చలి."

ఏప్రిల్‌లో గొట్టం కోసం గోడకు బెజ్జం వేసినప్పుడు నేనే వెళ్లాను. ఇటుక, దాని వెనక బాయిలర్. గది లేదు, మెట్టు లేదు.

ఎవరో అంటారు, లేజరు అద్దం మీద పడి ఉంటుందని. అక్కడ అద్దం లేదు. బ్యాటరీ అయిపోతే తెర ఆరిపోతుంది గానీ నాలుగుసార్లు ఒకే అంకె చూపించదు. దుఃఖంలో ఉన్న ఆడదానికి ఏవేవో కనిపిస్తాయట. సరే, నాకు కనిపించాయనుకుందాం, మీటరుకు ఎవరు పోయారు?

చాలా ఏళ్లకు నాకు గ్రీన్ కార్డు వచ్చింది, ఎన్నేళ్లకో అడక్కండి. ఇప్పుడు నన్ను ఎవరూ ఎక్కడికీ పంపలేరు. కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను. నేను తప్పు చదవలేదు. ఆ కొలత ఎలా వచ్చిందంటే మాత్రం, నా దగ్గర జవాబు లేదు.