కోడలి కోసం తెచ్చిన చేని మన్ను

బోరమ్మకు మన్ను రుచి తెలుసు. నల్లరేగడి నాలుకకు జిగురులా అంటుకుంటుంది. వంక మన్ను ఇసకిసకగా పళ్ళను గీరుతుంది. తమ చేని ఎర్రమన్ను మాత్రం వేయించిన శనక్కాయలా కమ్మగా ఉండి, నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది. నలుగురు బిడ్డల్ని మోసిన నాలుగుసార్లూ ఆమె ఆ మన్నే తినింది.

ఇప్పుడా చేను కర్ణాటక అంచున తిరుమణి దగ్గర సోలార్ పార్కు కంచె లోపల ఉంది. భర్త బతికుండగానే మూడున్నర ఎకరాలూ కౌలుకు ఇచ్చేశాడు. శనక్కాయ పూసిన చోట నీలి పలకలు వరసలు కట్టి, అలల్లేని నీళ్ళలా ఎండలో మెరుస్తూ పడుకున్నాయి. పలకల కింద గడ్డి ఎదిగితే వాటి మీద నీడ పడుతుంది, నీడ పడితే కరెంటు తగ్గుతుంది. ఆ గడ్డి కోసే కూలికి బోరమ్మ పోతుంది. తన చేను ఎక్కడుండేదో ఆమెకు ఎవరూ చూపించనక్కర్లేదు. యంత్రాలు కదిలించలేక వదిలేసిన పెద్ద రాతిగుండు పక్కనే.

కోడలు సవితకు ఏడో నెల. కొడుకు బెంగళూరులో లారీ నడుపుతాడు, నెలకోసారి వస్తాడు. నాలుగో నెలలో ఒకరోజు సవిత గోడ పెచ్చును గోటితో గిల్లి గుట్టుగా నోట్లో వేసుకుంటుంటే బోరమ్మ చూసింది.

"గోడ ఎందుకు తింటావమ్మే, మన చేను ఉండగా," అని నవ్వింది.

ఆ రోజు నుంచి పని ముగించుకుని వచ్చేటప్పుడు గుండు పక్క నుంచి పిడికెడు మన్ను కొంగున కట్టుకుని తెచ్చేది. ఆమెతో పాటు గడ్డి కోసే నల్లమ్మ ఊరుకునేది కాదు.

"ఏమ్మే బోరీ, చేను కంపెనీకిచ్చి ఇప్పుడు మన్ను దొంగతనం చేస్తాండావా?"

"కౌలుకిచ్చింది చేనుమ్మే, మన్ను కాదు. నా మన్నుకు నేను దొంగనా?"

కంచె లోపల చిక్కుకున్న చేను పిడికెడు పిడికెడుగా ఇల్లు చేరుతోందనీ, పుట్టబోయే బిడ్డ ఎముకల్లోకి ఇంకుతోందనీ ఆమెకు అనిపించేది. సవిత స్టీలు గిన్నె ముందు పెట్టుకుని, కళ్ళు సగం మూసి, ఒక్కొక్క పలుకే చప్పరిస్తుంటే చూడటం ఆమెకు పండగలా ఉండేది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం సూపర్‌వైజర్ దేవరాజ్ వచ్చి కొడవళ్ళు లోపల పెట్టమన్నాడు.

"రేపటినుంచి మీకు పనిలేదు బోరక్కా. గడ్డి మందు కొట్టేస్తాండాం."

"మందా? యాడ?"

"ఈ పక్క రేపు. ఆ గుండు దగ్గర కొట్టి పదకొండు దినాలాయె. ఎట్ల మాడిపోయిందో నువ్వు సూడలేదా?"

చూసింది. రోజూ చూసింది. పచ్చగడ్డి పసుపై, పసుపు తెల్లబడి, పొడిపొడిగా రాలడం చూసింది. ఈ ఏడు ఎండలు మండిపోతున్నాయి అనుకుంది.

"మన్నుకు అంటుకుంటాదా అది?" బోరమ్మ కొంగు పిడికిట్లో నలిపింది.

"వేరు దాకా పోతాదంట. ఎందుకట్ల అయిపోయినావు? ఏమైంది?"

బోరమ్మ మన్ను సంగతి చెప్పింది. దేవరాజ్ గోదాములోకి పోయి మందు ఖాళీ డబ్బా ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "డాక్టరుకు ఇది సూపించల్ల. బండెక్కు."

ఇంటికి వచ్చేసరికి సవిత గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో గిన్నె. కింది పెదవికి ఎర్రగా తడి. బోరమ్మ కోడలి దవడ పట్టి, నోట్లో వేలు పెట్టి గీరింది. సవిత బెదిరిపోయి ఆమె చెయ్యి కొరికింది. గిన్నె దొర్లి, మన్ను గడప మీద చల్లుకుపోయింది.

"ఉమ్ము. ఉమ్మెయ్ తల్లీ. మందుండాది దాంట్లో."

పావగడ ఆసుపత్రిలో డాక్టరమ్మ కన్నడంలో అడిగింది, బోరమ్మ తెలుగులో చెప్పింది. డాక్టరమ్మ డబ్బా మీది అక్షరాలు చదివి, సవిత కింది రెప్పలు లాగి చూసి, రక్తపరీక్షకు రాసింది. పదకొండు ఉండాల్సిన రక్తం ఆరున్నర ఉంది.

"ఐరన్ మాత్రలు మింగటం లేదా?"

"వాంతి వస్తాదని పెట్టెలో పెట్టేసినా," అంది సవిత తల వంచుకుని.

"మన్ను ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలు," అంది బోరమ్మ. "మావోళ్ళంతా తింటారు తల్లీ. కడుపుతో ఉన్నప్పుడు అట్లనే అనిపిస్తాది. నేనూ తిన్నా."

డాక్టరమ్మ కసురుకోలేదు. కసురుకుని ఉంటే బాగుండేది. రక్తం తగ్గితే కొందరికి మన్ను మీదికి మనసు పోతుందనీ, ఆ మన్ను అన్నంలోని ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదనీ, రక్తం ఇంతగా పడిపోతే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చనీ, బిడ్డ అరచేతంత పుట్టవచ్చనీ మెల్లగా చెప్పింది.

అరచేతంత. బోరమ్మ మొదటి బిడ్డ అంతే ఉంది. ఒక పగలు బతికింది. మూడోది ఏడో నెలలోనే వచ్చింది, ఏడవను కూడా లేదు. ఒకసారి దిష్టి అన్నారు, ఒకసారి గాలి అన్నారు. ఆమె తాయెత్తులు కట్టుకుంది, గుడుల చుట్టూ తిరిగింది. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, ఫ్యాను కింద, ముక్కూ మొహం తెలీని మనిషి నోటి నుంచి ఆ ఇద్దరు బిడ్డలూ మళ్ళీ ఒకరి వెనక ఒకరు చచ్చిపోయారు. మన్ను వల్లే పోయారని డాక్టరమ్మ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేరు.

స్కానింగ్ గదిలో బిడ్డ గుండె కుట్టుమిషనులా ఆగకుండా కొట్టుకుంది.

"ఇప్పటికి బాగుంది. మందు సంగతి మాత్రం నేను మాటివ్వలేను. వారం వారం రావాలి," అంది డాక్టరమ్మ.

సవితను చేర్చుకున్నారు. కాఫీ రంగు ఐరన్ నీళ్ళు గొట్టంలోంచి చుక్కచుక్కగా ఆమె చేతిలోకి దిగుతున్నాయి. కిటికీ అవతల బస్టాండు గోల.

"అత్తా, నాకు తెలుసు."

"ఏంది?"

"మన్ను వాసన మారినాది. వారం నుంచి కిరసనాయిల్ మాదిరి ఉండాది. సెప్తే నువ్వు తెచ్చేది మానేస్తావని సెప్పలేదు."

బోరమ్మ దుప్పటి కోడలి కాళ్ళ మీదికి లాగింది.

"తిట్టత్తా."

"ఎవర్ని తిట్టేది. నాక్కూడా వాసనొచ్చింది. కంచె ఇనుప కంబాల వాసనలే అనుకున్నా."

సవిత తల తిప్పి చూసింది. "నీకెట్ల వచ్చింది? నోట్లో ఏసుకుంటే గాని తెలీదు కదా ఆ వాసన."

బోరమ్మ లేచి, మంచాల మధ్యగా నడిచి, రక్తం తీసే నర్సు దగ్గరికి పోయి వేలు చాపింది.

"నాకూ సూడమ్మా."

"నీకెందుకవ్వా? నువ్వేమన్నా కడుపుతో ఉండావా?" నర్సు నవ్వింది.

"లేదు," అంది బోరమ్మ. "కాన్పులు ఆగిపోయినా నేను మన్ను మానలేదు. దినామూ తింటా. ఇంతవరకూ ఎవరికీ సెప్పలేదు."

నర్సు నవ్వు ఆపి, దూది తీసుకుంది.