ఉద్దానం పిక్క, ఓడ పిక్క

మొన్న పలాస బజారులో జీడిపప్పు కొంటుంటే, మూలపేటలో రేవు పూర్తయితే ఓడలు మన గుమ్మంలోకే వచ్చేస్తాయని, ఇక పిక్కకు కొదవుండదని కొట్టతను సంబరంగా చెప్పాడు. పిక్క అంటే మా వైపు పప్పు తీయని జీడిగింజ. ఆ మాట విన్నప్పటినుంచి మా నాన్న, అక్క కళ్లలో మెదులుతున్నారు.

నేను టెక్కలి కాలేజీలో అర్థశాస్త్రం చెప్పడానికి చేరిన కొత్తలో, ఆఫ్రికా పిక్క ఓడల్లో దిగి పలాసకు విరివిగా రావడం మొదలైంది. పూండి దగ్గర నాన్నకు జీడితోట ఉండేది. అక్కను పలాసలోనే ఇచ్చాం, ఆమె ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. అంతకుముందు మా ఉద్దానం తోటల పిక్క అయిపోగానే ఫ్యాక్టరీ మూతపడి అక్కకు పని ఉండేది కాదు. ఓడ పిక్క వచ్చాక ఏడాది పొడవునా పని దొరికింది. అదే ఓడ పిక్క నాన్న పంటకు ధర లేకుండా చేసింది.

ఒక ఆదివారం అక్కతో సహా అందరం నాన్న ఇంట్లో అన్నాలకు కూర్చున్నప్పుడు, బయటి పిక్కను ఇలా రానివ్వడం మంచిదేనా అని నాన్న నన్నడిగాడు. చదువుకున్నవాణ్ణి కదా, ఊరుకుంటానా! ఏ దేశం దేనిలో నేర్పరో అది చేసుకుంటే మొత్తం మీద లాభమేనని, లాభపడినవాళ్లు నష్టపోయినవాళ్లకు కొంత ఇచ్చినా ఇంకా మిగులుతుందని, అన్నం చల్లారేదాకా పాఠం చెప్పాను.

“దేశానికి మంచిదేరా. మరి నాకెవులిత్తారు?” అన్నాడు నాన్న.

ఆ మీదట, వచ్చే నెల చెట్లు కొట్టించి కట్టెలకు అమ్మేస్తానన్నాడు. తాత నాటిన చెట్లవి. అక్క జీడి రసానికి నల్లబడిన వేళ్లతో మెతుకులు కెలుకుతూ ఉండిపోయింది.

ఆ వారంలోనే అక్క టెక్కలిలో నా గదికి వచ్చి, కూలి డబ్బుల్లో దాచుకున్నది నా చేతిలో పెట్టింది. “నాన్న కూతురి సొమ్ము ముట్టడు. నీ జీతమని సెప్పు” అంది. అలాగే చెప్పాను. ఏటేటా ఆమె ఇస్తూనే ఉంది, నేను నాదని చెబుతూనే ఉన్నాను, తోట నిలిచింది. నా కొడుకే నిలబెట్టాడని నాన్న ఊరంతా చెప్పుకునేవాడు. నేను పక్కనే తలవంచుకుని కూర్చుంటే, జనం దాన్ని అణకువ అనుకునేవారు. నిజం తెలియకుండానే నాన్న పోయాడు. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ పాఠం దగ్గర ఎవరో ఒకరు, లాభపడినవాళ్లు నిజంగా ఇస్తారా మాస్టారూ అని అడిగేవారు. ఇవ్వగలరని మాత్రమే పుస్తకంలో ఉందనేవాణ్ణి. ఇచ్చిన మనిషిని ఎరుగుదునని ఒక్కసారీ చెప్పలేదు.

తుపానులకు సగం తోట పోయింది. పిక్కలు ఇప్పుడు యంత్రాలు కొడుతున్నాయి, అక్క వేళ్లు ఏనాడో తెల్లబడ్డాయి. అప్పట్లో లాభపడిన మనిషీ నష్టపోయిన మనిషీ ఒకే ఇంట అన్నం తిన్నారు కాబట్టి ఒకరి కష్టం ఒకరికి కనిపించింది. ఇప్పుడు లాభపడేవాళ్లూ నష్టపోయేవాళ్లూ ఒకరి మొహం ఒకరు ఎరగరు.

బజారునుంచి తిన్నగా అక్క ఇంటికే వెళ్లాను. ఇకనైనా ఆ సంగతి అందరికీ చెప్పేస్తానన్నాను. అక్క నేను తెచ్చిన జీడిపప్పు పొట్లం విప్పి ఒక పప్పు నోట్లో వేసుకుని నవ్వింది.

“ఇప్పుడు సెప్పి ఏటి లాభంరా? నాన్న ఇనడు కదా.”