పెద్దమ్మ లక్ష్మి, పెదనాన్న రాజు

మొన్న మైలాపూరులో ఒక హాలులో పాత నాణేల ఫొటోలు పెట్టారంటే చూడబోయాను. గోడ మీద గుప్తుల నాటి బంగారు నాణెం ఒకటి, పళ్లెమంత చేసి పెట్టారు. ఒకవైపు విల్లు పట్టుకుని నిలబడిన రాజు, పక్కన గరుడధ్వజం. రెండోవైపు తామరపువ్వు మీద లక్ష్మి. అలాంటిదే మా పెదనాన్న ఇంట్లో ఉండేది. అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను.

పెదనాన్నకు అదే ఊళ్లో ఉత్తరాన, పాత పేటలో పసుపు టోకు వ్యాపారం. ఆ ఇంటికి వెళ్లొస్తే రెండు రోజులు నా చొక్కాలు పసుపు వాసన కొట్టేవి. నాణెం మా తాత కాశీ నుంచి తెచ్చింది. పెదనాన్నకు అందులో రాజంటే ప్రాణం. భూతద్దంతో అంచునున్న అక్షరాలు కూడబలుక్కునేవాడు, రాజు సన్నని నడుము చూసి తన బొజ్జ తడుముకునేవాడు. పెద్దమ్మకు రాజుతో పనిలేదు. ప్రతి శుక్రవారం లక్ష్మికి కుంకుమ పెట్టేది. గీతల్లో కుంకుమ ఇరుక్కుంటోందని ఆయన శనివారం పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో నేను విన్న తగవు అదొక్కటే. ఒకసారి మ్యూజియం ఆఫీసరొకాయన చూసి అడిగితే, తామిద్దరూ పోయాక ఇచ్చేట్టు పెదనాన్న మాటిచ్చాడు.

తొంభైల నడిమిలో ఒక వానాకాలం పెద్దమ్మ జ్వరమని పడుకుని వారంలో పోయింది. నోట్లో రవ్వంత బంగారం పెట్టాలన్నాడు అయ్యవారు. ఎవరో ఆమె ముక్కుపుడక తీయబోతుంటే పెదనాన్న పూజగదిలోకి పోయి నాణెం తెచ్చాడు. నేను మెల్లగా మ్యూజియం మాట గుర్తుచేశాను.

"సుమ్మా ఉండరా, ఊరుకో," అన్నాడు. "ఆమె కొలిచిన తల్లిని ఈడ పెట్టుకోని నేనేం చేసేది?"

మర్నాడు అస్థులు ఏరేటప్పుడు బూడిదలో శనగగింజంత ముద్ద దొరికింది. అటు రాజు లేడు, ఇటు లక్ష్మి లేదు. దాన్ని అస్థులతోపాటే సముద్రంలో కలిపాం.

కొన్నాళ్లకు ఆ ఆఫీసరు పరామర్శకు వచ్చాడు. పెదనాన్న కాఫీ ఇప్పించి, జరిగింది దాచకుండా చెప్పి, తను నాణెం చూసి గీసుకున్న నోటుపుస్తకం చేతికిచ్చాడు. ఆయన అన్ని పేజీలూ తిప్పి, దేవి బొమ్మ ఒక్కటీ లేదేమని అడిగాడు.

"ఆ పక్క ఆమెదని ఊరుకున్నా," అన్నాడు పెదనాన్న. మళ్లీ తనే, "ఒక్కటన్నా గీసుకోని ఉండాల్సింది," అన్నాడు.

ఆ నాణెం పదిహేను వందల ఏళ్లకు పైగా నిలిచింది. వాళ్ల కాపురం ముప్పై ఎనిమిదేళ్లు. రెండింటిలో ఏది ఎక్కువకాలమని ఆనాడు అడిగితే తడుముకోకుండా నాణెమే అనేవాణ్ణి. ఇవాళ అంత తేలిగ్గా అనలేను.