దేవవ్వ ఇద్దరికే వండేది

దేవవ్వ కాల్చిన డబల్ రొట్టె తిన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరే ఇద్దరు. ఒకరు దేవవ్వ, ఇంకొకరు ఆమె మొగుడు దావీదు. మిగతా ఊరంతా వాసన పీల్చుకుని సరిపెట్టుకునేది.

ఊరి పేరు గుండ్లచెల్క. ఇబ్రహీంపట్నం నుంచి ముత్యంపేట పోయే దారిలో, పసుపు చేన్ల నడుమ ఉంటుంది. మంగళవారం, శనివారం పొద్దున్నే ఆ దారిన పోయేవాళ్ళకు రొట్టె కాలుతున్న వాసన తగిలి కాళ్ళు వాటంతటవే ఆగేవి. తడక అవతల నిలబడి "ఏం చేస్తున్నవ్ అక్కా?" అని అడిగేవాళ్ళు. "రొట్టె కాలుస్తున్న," అని నిజమే చెప్పేది. "రా, కూసో, తిను" అన్న మూడు మాటలు మాత్రం ఆమె నోట వచ్చేవి కావు. పిసినారి అని పేరు పెట్టారు. అది చెవిన పడితే "ఔ, పిసినారినే" అనేది. తిట్టు తిన్న మనిషే ఒప్పేసుకున్నాక తిట్టిన వాళ్ళకు ఏం మజా ఉంటుంది?

నిజానికి పిసినారి కాదు. బియ్యం అడిగితే కొలవకుండా చేటలో పోసేది. పెరట్లో బీరకాయలు కాస్తే సగం వాడకే పోయేవి. పక్కింటి పోచవ్వకు జ్వరమొస్తే మూడు రోజులు తలాపున కూర్చుంది. పచ్చిది ఏదైనా ఇస్తుంది, వండింది మాత్రం ఇవ్వదు. ఆ రెంటి మధ్య గీత ఎక్కడిదో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

చిన్నప్పుడు ఆమె దొర గడీలో వెట్టికి వడ్లు దంచింది, మిరపకాయలు దంచింది. ఆ బియ్యం ఉడికాక ఆ అన్నం గంజు వైపు చూడడానికి కూడా వీల్లేదు. దంచే చేతికి లేని అంటు వండే చేతికి ఎలా వచ్చిందో గడీ వాళ్ళకే తెలియాలి. పెళ్ళయ్యాక మొగుడూ పెళ్ళాం జగిత్యాల అవతల ఒక మిషన్ బంగళాలో పనికి కుదిరారు. ఆయన తోటమాలి, ఆమె వంటమనిషి. తెల్ల డాక్టరమ్మ, నర్సులు, వచ్చిపోయే పాస్టర్లు, అంతా కలిసి పూటకు పద్దెనిమిది మంది. అలా ముప్పై ఏళ్ళు. పిల్లలు కలగలేదు.

డబల్ రొట్టె అక్కడే నేర్చుకుంది. పిండి పొంగడానికి తెల్లవారుజామున దించిన ఈతకల్లు పోసేది. డాక్టరమ్మ ఆదివారం ఆదివారం కల్లు పాపం అని గంటసేపు చెప్పి, బంగళాకొచ్చి ఆ కల్లుతో పొంగిన రొట్టెనే వెన్న రాసుకుని తినేది. దేవవ్వ ముప్పై ఏళ్ళలో ఒక్కనాడూ ఆ సంగతి చెప్పలేదు. అడిగితే చెప్పేదే, ఆమె అడగలేదు.

ఆ ముప్పై ఏళ్ళలో మొగుడూ పెళ్ళాం ఒక్క పూటైనా ఎదురెదురుగా కూర్చుని తినలేదు. దావీదు తోట పక్కన పాకలో ఒక్కడే తినేవాడు. దేవవ్వ అందరూ తిన్నాక, గిన్నెలు తోమబోయే ముందు, అడుగూ బొడుగూ గీక్కుని నిలబడే తినేది. బంగళా మూతపడింది, డాక్టరమ్మ తన దేశం పోయింది, వీళ్ళు ఊరికి తిరిగొచ్చి రెండర్రల ఇల్లు వేసుకున్నారు. మొదటి రోజు దేవవ్వ ఇంత అన్నం, పచ్చిపులుసు చేసింది. ఆయన ముందు ఒక పళ్ళెం పెట్టి, తనూ ఒకటి పెట్టుకుని కూర్చుంది. దావీదు అన్నాన్ని నాలుగు కుప్పలు చేసుకున్నాడు. చివరి కుప్పను పులుసు లేకుండా ఉత్తదే తిన్నాడు. తింటున్నంతసేపూ కళ్ళు సగం మూసుకున్నాడు. తన మొగుడు అన్నం ఎలా తింటాడో దేవవ్వ చూడడం అదే మొదలు. ఆమెకు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ముప్పై ఏళ్ళ పూటలు ఎవరి కడుపులోకి పోయాయని.

"ఇగ నేను ఎవ్వలకు వండ. నీకు, నాకు. గంతే," అంది.

దావీదు జంకు మనిషి. గట్టిగా దగ్గడానికి కూడా అటూ ఇటూ చూసే రకం. "ఎవలన్న వస్తె ఏమనుకుంటరు?" అన్నాడు.

"అనుకోనీ."

అప్పటి నుంచి ఆ ఇంట్లో వంట ఇద్దరికే. కిరసనాయిలు డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి చుట్టూ మట్టి మెత్తి, కిందా మీదా నిప్పులు పోసే బట్టి ఒకటి కట్టుకుంది. పిండి పెట్టడానికి రెండు పాలపిండి డబ్బాలు. దావీదుకు పళ్ళు ఊడిపోయాక రొట్టెను ఛాయ్‌లో నాననిచ్చి పెట్టేది. ఆయన తింటుంటే చూస్తూ తనూ తినేది. ముసలితనంలో మొదలైన ఆ కాపురాన్ని ఆమె ఎవరితోనూ పంచుకోదలుచుకోలేదు. అందులో తప్పేముందో నాకైతే కనపడదు.

ఆ రోజులు మామూలు రోజులు కావు. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతమని సర్కారు చాటింపు వేసింది. అడవుల్లో తుపాకులు పట్టిన అన్నలకు జడిసి దొరలు గడీలకు తాళాలు పెట్టి పట్నాలు చేరారు. ఒకనాడు కోరుట్ల నుంచి కారొచ్చి దేవవ్వ తడక ముందు ఆగింది. లోపల ఊర్మిళ దొరసాని, చిన్నప్పుడు దేవవ్వ వడ్లు దంచిన గడీ కోడలు.

"దేవీ, మా మనుమరాలి పుట్టినరోజు. బంగళల నువ్వు కేకు మంచిగ చేస్తుంటివట. ఒకటి చేసి పెట్టాలె," అంది, కారు దిగకుండానే.

దేవవ్వ పిండి చేతులతోనే కారు దగ్గరకు పోయింది. "దొర్సానీ, నేను దంచిన బియ్యం తిన్నరు. వండితె తినకపోదురు. కేకైతె తింటరా?"

"కేకుకు ఏముంటదే? బేకరీల ఎవలు చేస్తరో మనకు ఎర్కనా?"

"బేకరోడు మీకు ఎర్క లేదు. నేను ఎర్కనే గద. చెయ్య."

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. దావీదు రెండు రోజులు సరిగా నిద్రపోలేదు.

ఆ మరుసటి ఏడు అన్నలు అడిగారు. మిట్టమధ్యాహ్నం కాలువ గట్టున దేవవ్వ పుంటికూర తెంపుతుంటే భుజాన సంచి తగిలించుకున్న ఒక పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. "అవ్వా, నీ రొట్టె నాలుగు రోజులు నిలువుంటదట గద. పదిమందికి కాల్చియ్యి," అంది.

"కాల్చ."

"ప్రజల కోసం తిరుగుతున్నమవ్వా."

"నేను ప్రజల్ల లేనా? బంగళల పద్దెనిమిది మందికి వండిన. ఇగ వండ. బియ్యం గావాల్నంటె ఇస్త, వండుకోర్రి."

పిల్లకు నవ్వొచ్చింది. బియ్యం తీసుకోలేదు, కోపమూ తెచ్చుకోలేదు. గట్టు దిగి పోయింది. దొరసానికి లేదన్న నోటితోనే అన్నలకూ లేదంది. ఇక మిగిలింది సర్కారు. అదీ వచ్చింది.

ఎనభై ఏడు ఎండాకాలం, బడికి సెలవులివ్వగానే అందులో పోలీసు క్యాంపు దిగింది. పద్నాలుగు మంది, ఒక ఎస్సై. వాళ్ళకు వండే మనిషి నాలుగో రోజే పారిపోయాడు. చంద్రయ్య అనే కానిస్టేబుల్ దేవవ్వ ఇంటికొచ్చి "అవ్వా, సారు పిలుస్తుండు, వంటకు," అని చెప్పాడు. రానని చెప్పింది. అరగంటలో ఎస్సైయే వచ్చాడు.

"తెల్లోళ్ళకు వండినవట. మేం మనుషులం గాదా?"

"మీరు మనుషులే సారూ. నేనే ముసల్దాన్నైన. ఇద్దరికంటె ఎక్కువ వండ."

"పైసలిస్తం."

"పైసల ముచ్చట గాదు."

ఎస్సై బట్టి వైపు చూశాడు. "నాలుగొద్దులు నిలువుండే రొట్టె ఇంట్ల తినెటందుకా, అడివిల తినెటందుకా? కాలువ కాడ ఎవలతోని మాట్లాడినవో నాకు తెల్వదనుకున్నవా?"

"అడిగిన్రు. చెయ్యనన్న. మీకు గూడ గదే చెప్తున్న."

ఎస్సై కాలితో బట్టిని తన్నాడు. మట్టి విరిగి డబ్బా బయటపడింది. మూలకు ఒదిగి నిలబడ్డ దావీదును జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోయారు. "వంటకొచ్చినంక తీస్కపో," అన్నాడు ఎస్సై.

వాళ్ళు అటు పోగానే దేవవ్వ మట్టి తొక్కింది. సాయంత్రానికి బట్టి మళ్ళీ నిలబడింది. తడి ఆరకముందే నిప్పు వేసింది. మరునాడు మట్టివాసన కొట్టే రెండు రొట్టెలు గుడ్డలో కట్టుకుని బడికి పోయింది. లోపలికి పోనివ్వలేదు. గేటు ఎదురుగా ఎండలో కూర్చుని రెండు పళ్ళేలు పరిచి, ఒక్కో దాంట్లో ఒక్కో రొట్టె పెట్టింది. ముట్టలేదు. పొద్దుగూకేదాకా కూర్చుని, గుడ్డ మళ్ళీ మూటగట్టి ఇంటికొచ్చింది. రెండో రోజూ అంతే. రెండు రోజులూ నీళ్ళు తప్ప ఏమీ నోట్లో వేసుకోలేదు. బడి లోపల్నుంచి ఒకసారి మూలుగు వినపడింది. అది ఆయనదో కాదో అని కూడా ఆలోచించుకోలేక చెవులు మూసుకుంది.

పోచవ్వ వచ్చి గట్టిగానే మందలించింది. "వదినె, ఒక్క పూట వండితె నీ చేతులు అరుగుతయా? నీ పంతానికి గా ముసలాయిన పానం తీస్తవా?"

ఆ మాట ముల్లులా దిగింది. ఆ రాత్రంతా దేవవ్వ ఆ మాటనే నెమరేసింది. పోచవ్వ చెప్పింది అబద్ధం కాదు. దెబ్బలు తినేది తను కాదు, దావీదు. ఆయన లేకపోతే ఆ ఇంట్లో రెండో పళ్ళెం ఎందుకు? మూడో రోజు పొద్దున పోచవ్వ ఇంట్లోంచి పెళ్ళిళ్ళకు వాడే పెద్ద గంజు అడిగి తీసుకుంది. దాన్ని చంకన పెట్టుకుని, అలవాటు కొద్దీ రొట్టెల మూట కూడా పట్టుకుని, బడికి పోయింది. ముప్పై ఏళ్ళ బంగళా అంతా మళ్ళీ నెత్తినెక్కినట్టే ఉంది.

గేటు తీశారు. ఎస్సై వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. గంజు చూసి నవ్వాడు. "తొవ్వకొచ్చినవ్."

దేవవ్వ పొయ్యి ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, పక్క గది కిటికీలోంచి సన్నని గొంతు వినపడింది.

"దేవవ్వా."

దావీదు ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కింది పెదవి వాచి వేలాడుతోంది. అంగీకి ఒక భుజం లేదు.

"గా గంజు ఎందుకు తెచ్చినవే?"

ఆమె గంజును చంకకు ఇంకాస్త నొక్కుకుంది.

"వండకు," అన్నాడు దావీదు.

"నోర్ముయ్ రా," అన్నాడు ఎస్సై.

"కొడ్తె కొట్టుర్రి సారూ. నేను మా ఇంటిదానితోని మాట్లాడుతున్న." గట్టిగా దగ్గడానికి జంకే మనిషి ఎస్సై ముఖంలోకి చూస్తూ అన్నాడా మాట. తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. "ముప్పయేండ్లు నువ్వు ఎవల్లకో వడ్డిస్తుంటె పాకల ఒక్కన్నే కూసోని తిన్న. నువ్వు తిన్నవో లేదో గూడ నాకు తెల్వకపోతుండె. మళ్ల గట్లనే బతుకుమంటవా? మూడొద్దులాయె నువ్వు ముద్ద ముట్టక. గీ కిటికీలకెల్లి చూస్తనే ఉన్న. వండకు. కూసో. తిను. నేను చూస్త."

దేవవ్వ గంజును నేల మీద బోర్లించింది. దాని మీద మూట విప్పి పెట్టి, కిటికీకి ఎదురుగా, బడి వాకిట్లో కూర్చుంది. కళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. ఒక రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. చంద్రయ్య కాసేపు ఎస్సై వైపు చూశాడు. తర్వాత రెండో రొట్టె తీసి ఊచల్లోంచి దావీదుకు అందించాడు. పళ్ళు లేని నోటికి ఎండు రొట్టె. వాచిన పెదవి కింద చెయ్యి పెట్టుకుని ఉమ్మితో నానబెట్టుకుంటూ తిన్నాడు. పద్నాలుగు మంది పోలీసులు, గేటు అవతల సగం ఊరు, అందరూ చూస్తుండగా వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ తిన్నారు. రా, తిను అని ఎవరినీ పిలవలేదు.

ఎస్సై లేచి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "వీన్ని ఇడువ. ఏం చేస్తవ్?"

దేవవ్వ నోట్లోది నమిలి మింగేదాకా ఆగింది.

"రేపు గూడ ఇద్దరికే తెస్త సారూ."

దావీదును వదలడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ తెచ్చింది.