పడవ దిగిన కెప్టెన్

ఢిల్లీలో కాళిందీ కుంజ్ వంతెన మీద ఆటో ఆగితే అందరూ ముక్కు మూసుకుంటారు. నురగ కట్టిన యమున వాసన నాకు మాత్రం వసుంధర ఆంటీని గుర్తు చేస్తుంది. ఆర్కే పురం క్వార్టర్స్‌లో మా కింది ఇంట్లో ఉండేవారు. కాకినాడ మనిషి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఓఖ్లా దగ్గర నదిలో తెరచాప పడవ పందేలకు సాధన చేసే ఆడవాళ్ల జట్టుకు కెప్టెన్. నేను కాలేజీలో చేరిన ఏడాది నన్నూ అందులోకి లాగారు. లావుగా ఉన్నానని ఎక్కడికెళ్లినా ఒదిగి కూర్చునే రోజులవి.

గాలి జోరుగా వీస్తే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. మేం రెండో అంచు మీద కూర్చుని, వీపు నీళ్ల మీదికి వాల్చి దాన్ని నిలబెట్టాలి. మొదటి రోజు నేను వాలగానే పడవ నిటారుగా లేచింది. చుక్కాని పట్టుకున్న ఆంటీ పెద్దగా నవ్వారు. "చూశావా? ఆ బరువేనే మనకి కావాల్సింది!" నా ఒంటి గురించి ఒకరు సంతోషంగా మాట్లాడటం అదే మొదటిసారి.

అయితే బరువుకీ హద్దుంది. భారీ మనుషుల్ని ఎక్కించుకుని ఎవరూ లాభపడకూడదని పందేనికి ముందు జట్టులో నలుగురినీ కలిపి తూస్తారు. ఢిల్లీ జట్టు ఎంపిక పందెం రేపనగా మేం మా పడవల క్లబ్బులో తూచుకుంటే నాలుగు కిలోలు ఎక్కువొచ్చింది. క్లబ్బు మేనేజరు నా వైపే చూశాడు.

"బేటీ, ఆజ్ ఖానా పానీ బంద్. స్టీమ్ మే బైఠో."

తిండీ నీళ్లూ మానేసి ఆవిరి గదిలో కూర్చోవాలట. నేను తలూపాను. ఒంటి గురించి ఎవరేమన్నా తలూపడం నాకలవాటు.

"నహీఁ బైఠేగీ," కూర్చోదు అన్నారు ఆంటీ. "రేపు కళ్లు తిరిగి నీళ్లలో పడితే మీరు దూకుతారా?" అని హిందీలోనే నిలదీశారు.

"తో ఇసే నికాలో," అన్నాడాయన. నన్ను తీసెయ్యమని.

"ఠీక్ హై. నేను దిగుతున్నాను." జట్టులో అదనంగా ఉన్న సన్నటి రేష్మను పిలిచి తన చోటు ఇచ్చేశారు. లెక్క సరిపోయింది. తర్వాత నా వైపు తిరిగారు. "చుక్కాని నువ్వు పట్టు."

ఆంటీ ఏళ్లుగా ఎదురుచూసిన ఎంపిక అది. ఆ వయసులో మరో అవకాశం రాదని అందరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది. "మీరు లేకపోతే ఓడిపోతాం ఆంటీ."

"ఓడండి. కడుపు నిండా తిని ఓడండి."

ఓడాం. మధ్యలో లేచిన పెనుగాలికి మా పక్క పడవ బోల్తా పడింది. మాది నిలబడింది గానీ ఎంపిక మాత్రం కాలేదు. ఆ తర్వాత క్లబ్బు వాళ్లు ఆంటీని మళ్లీ పిలవలేదు. బాధగా లేదా అని ఒకసారి అడిగాను.

"ఎందుకుండదే? ఉంది. అయినా మళ్లీ అలాగే దిగుతాను."

ఇప్పుడు జట్టు నాది. సీజను మొదట్లోనే అందరి బరువులూ చూసి, తిండి మానక్కర్లేకుండా హద్దులో ఇమిడే నలుగురిని కూర్చుకుంటాను. మొన్న ఒకాయన మా జట్టులో అందరికన్నా బరువైన అమ్మాయిని చూపించి, కొంచెం కడుపు మాడ్చమన్నాడు. కుదరదన్నాను. ఆయన ఎదుటే ఆ పిల్లని భోజనానికి తీసుకెళ్లాను. గెలుస్తామో లేదో నాకు తెలియదు. ఆకలితో మాత్రం ఎవరూ నా పడవ ఎక్కరు.