రూతక్కకు అల్జీబ్రా చెప్పలేదు

నిన్న పొద్దున రూతక్క కొడుకు ఫోన్ చేశాడు.

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

ఏమన్నానో నాకే గుర్తు లేదు. మొన్న ఆదివారమే చర్చి బయట నా చెయ్యి పట్టుకుని నడిచింది. మా అక్క.

మేడిపల్లిలో అందరికీ ఆమె ఎప్పుడూ నవ్వే ఆంటీ. నాకు గుర్తొస్తున్నది మాత్రం వేరే.

పంతొమ్మిది వందల అరవైల చివర మేం నాచారంలో ఉండేవాళ్లం. బాపుకు ఫ్యాక్టరీలో పని. ఉప్పల్ రోడ్డులో రాళ్ల మీద రీసెర్చ్ చేసే ల్యాబ్ ఉందని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి అక్కకు ఒకటే పిచ్చి, సైన్స్ చదవాలని.

మా బడిలో తొమ్మిదో క్లాసు నుంచి మ్యాథ్స్ రెండు రకాలు. కాంపోజిట్‌లో అల్జీబ్రా ఉండేది, జనరల్‌లో ఉండేది కాదు. అక్క కాంపోజిట్ అడిగింది.

సారు మంచివాడే. "ఆడపిల్లకు అల్జీబ్రా ఎందుకమ్మా? ఫెయిలైతే ఇంట్ల కూసోబెడ్తరు. జనరల్ తీస్కో, పాసైతవు" అన్నాడు.

పాసైంది. ఫస్ట్ క్లాసులో.

బాపు లీవు పెట్టి అక్కను కాలేజీకి తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. అల్జీబ్రా చదవలేదు కాబట్టి సైన్స్ సీటు ఇవ్వరని కిటికీ అవతలి క్లర్కు చెప్పాడు.

అక్క కిటికీ చువ్వలు వదల్లేదు. "సార్, జర మీరే పరీక్ష పెట్టుర్రి. నేర్సుకొని వచ్చి రాస్త."

బాపు చేతులు జోడించాడు. క్లర్కు తల కూడా ఎత్తలేదు.

అక్క అటు నుంచి అటే బడికి వెళ్లి, మళ్లీ తొమ్మిదిలో కూర్చోబెట్టమని సారును బతిమాలింది. పాసైన పిల్లను ఎలా కూర్చోబెడతాం అన్నాడు.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

"ఫెయిలైనా బాగుండు బాపూ. ఫెయిలైనోళ్లు మల్ల రాస్తున్నరు. నేనేం రాయాలె?"



తర్వాత ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్లింది. పెళ్లయింది. పిల్లల్ని పెంచింది.

పోయిన ఏడాది నా మనవరాలు మ్యాథ్స్ ఫెయిలై రూమ్ తలుపేసుకుంది. ఎంత పిలిచినా తీయదు. భయంతో నేనే అన్నాను, అందరికీ ఈ అల్జీబ్రా కంపల్సరీ ఎందుకు, తీసేస్తే పోదా అని.

ఆ రోజు మా ఇంట్లోనే ఉన్న అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తీసెయ్యమనకు చెల్లె. ఫెయిలైతే మల్ల రాస్తది. సదువనియ్యకుంటే ఏం జేస్తది?"

తలుపు అవతల పిల్ల ఏడుపు. ఇవతల అక్క ఏడుపు. నా మాట కరెక్టో అక్క మాట కరెక్టో నాకు అప్పుడు తెలియలేదు.

ఇప్పుడు అడుగుదామంటే అక్క లేదు.

పోయిరా అక్కా. ఇక్కడ దొరకని నెమ్మది ప్రభువు నీకు ఇవ్వాలి.