బురదలో రాక్షసి అడుగులు

మా అమ్మాయి హైదరాబాదులో కంప్యూటర్ ఆటలకు శబ్దాలు చేసే చదువు చదివింది. అలాంటి చదువొకటి ఉంటుందని కలిదిండిలో మా బంధువులెవరూ నమ్మలేదు. నలభై దాటాక నా చేత పలక పట్టించి అక్షరాలు దిద్దించింది అదే. అందుకని అది ఏం చెప్పినా నేను నమ్ముతాను.

ఒక కంపెనీ వాళ్ళు దానికి పరీక్ష పెట్టారు. బురదలోంచి ఒక రాక్షసి లేచి నడిచొచ్చే వీడియో బొమ్మను చప్పుడు లేకుండా ఇచ్చి, చప్పుళ్ళు చేర్చి పంపమన్నారు. నచ్చితే ఉద్యోగం. రికార్డరు, హెడ్‌ఫోన్లు పట్టుకుని ఆదివారం ఇంటికొచ్చింది.

"మన దగ్గర లేని బురద ఇంకెక్కడుందే!" అంటూ చీర ఎగదోపి, నీళ్ళు తీసేసిన చేపల చెరువులోకి ముందు నేనే దిగాను. దాని ఉద్యోగం నా కాళ్ళ మీదుగా రావాలని నా ఆశ.

అది హెడ్‌ఫోన్లు చెవులకి నొక్కుకుని మొహం చిట్లించింది.

"నడువమ్మా."

"నడుస్తూనే ఉన్నాను కదే!"

"ఏమీ వినబడట్లేదు."

ఎలా వినబడుతుంది? చిన్నప్పటి నుంచి బురదలో కొర్రమీను చేత్తో పట్టినదాన్ని. పాదం పైకెత్తకుండా వేళ్ళతో తడుముకుంటూ జరుగుతాం. చప్పుడైతే చేప పోతుంది. గట్టిగా తొక్కుదామన్నా నా కాళ్ళు మాట వినలేదు.

గట్టు మీద మా తోడికోడలు నవ్వుతోంది. తాడేపల్లిగూడెంలో పుట్టి, అక్కడే టైలరింగు షాపు నడుపుకుంటున్న మనిషి, ఆ పూట ప్రార్థనకని మా ఊరొచ్చింది. "నన్ను దిగమంటారా అక్కా?" అంటూనే చర్చికి కట్టిన చీరతో దిగిపోయింది. మోకాళ్ళ దాకా కూరుకుంది. ఒక కాలు పీకితే రెండోది దిగబడుతోంది.

"అయ్యో ప్రభువా! పట్టుకోండక్కా!"

"ఎవరూ పట్టుకోవద్దు!" అని అరిచింది మా అమ్మాయి. "పిన్నీ, కేకలెయ్యకుండా అలాగే రా. ఇంకోసారి దిగబడు!"

దాని మొహం వెలిగిపోతోంది. నేను దిగినప్పుడు రావలసిన వెలుగది.

తర్వాత ఇద్దరూ ఒక హెడ్‌ఫోనుకే తలలు ఆనించి విని విని నవ్వుకున్నారు. ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి నేనే నీళ్ళు తోడిపెట్టాను. "మీది హంసనడకండీ అక్కా, నాది ఏనుగు నడక" అంది. పొగడ్తే. అయినా ఒళ్ళు మండింది.

కొన్నాళ్ళకు ఉద్యోగం వచ్చిందని అమ్మాయి ఫోన్ చేసింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతలో, "పిన్నికి ముందే చెప్పేశానమ్మా. ఆ అడుగులే ఆటలో పెట్టుకుంటారట!" అంది.

ఆ నీళ్ళు అక్కడే ఇంకిపోయాయి.

"ఇంతకీ ఆ రాక్షసి ఏమవుతుందే ఆటలో?"

"చచ్చిపోతుందమ్మా. దాన్ని చంపితేనే గెలిచినట్టు."

"మంచి ఆటే" అన్నాను.